పిడికెడు గింజల అమ్మమ్మ

(భద్రాచలము నుండి పర్ణశాలకు పోవు దారిలోని ఒక గ్రామ సంఘమందు జరిగిన జ్ఞాపకార్థ కూడికలో చేసిన ప్రసంగము. శతవార్షిక సంచిక కొరకు కొంచెము సవరించి వ్రాసినది.)



ఈ కూడికకు వచ్చి నాలుగు మాటలు చెప్పవలెనని అమ్మమ్మ గారి పెద్ద కుమారుడు ఫోను చేసినప్పుడు మేము వెంటనే ఒప్పుకొనలేదు. కోత పండుగ దగ్గరపడినది, పని ఎక్కువగా ఉన్నదని చెప్పినాము. అప్పుడాయన, "అయ్యగారూ, అమ్మ మీ పేరు చెప్పి పోయింది" అన్నారు. ఇక తప్పలేదు. పని ఉన్నమాట నిజమే గాని మేము వెనుకాడినది పనివలన కాదు. ఆ సంగతి తరువాత చెప్పెదము. చెప్పకుండ ఈ ఊరు దాటి పోలేము.

ఆమె పేరు సంచికలో వేయవద్దని కుటుంబమువారు కోరినారు. ఆ మాట మాకు బాగుగానే తోచినది. ఈ ఊరిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవారు ఎవరున్నారు గనుక? కోయగూడెము నుండి వచ్చే స్త్రీలు, ఆశ్రమ పాఠశాల పంతులు గారు, తపాలా బంట్రోతు, అందరూ అమ్మమ్మ అనేవారు. వయస్సులో ఆమెకంటె నాలుగేండ్లే చిన్నదైన ఒక తల్లి కూడా అమ్మమ్మ అనే పిలిచేది. మేమును అట్లే పిలిచెదము.

అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికను ఆరంభించుచు, ఆ యౌవనస్థునిలో ఉన్న విశ్వాసము మొదట అతని అవ్వయైన లోయిలోను, తరువాత తల్లియైన యునీకేలోను కాపురమున్న సంగతి జ్ఞాపకము చేస్తాడు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములలో ఉన్నది గాని ఆయన పేరు ఎక్కడా లేదు. అవ్వ పేరు నిలిచినది. అయితే ఆ అవ్వ ఏమి చేసినదో పౌలు వ్రాయలేదు. ఒడిలో కూర్చుండబెట్టుకొని లేఖనములు చెప్పినదా, ఎవరికైన వండి పెట్టినదా, మనవని మీద ఎప్పుడైన కోపపడినదా, ఏదియు మనకు తెలియదు. లుస్త్రలో ఆమెను చూచినవారు చెప్పలేదు, వ్రాసేవారు అడుగలేదు. ఈ అమ్మమ్మను చూచినవారము ఇంకా బ్రతికియున్నాము గనుక ఆమె ఏమి చేసినదో చెప్పుటకు మేము వచ్చినాము.

ఆమె ఏ సంవత్సరమున పుట్టినదో ఎవరూ చెప్పలేరు. గోదావరి ఒడ్డున పెద్దలు పుట్టుకలను, పెండ్లిండ్లను వరదలతో లెక్కపెట్టేవారు. 1953లో వచ్చిన పెద్ద వరద నాటికి చంకలో మొదటి బిడ్డ ఉన్నాడని ఆమె చెప్పేది. ఆ లెక్కన 1930ల మొదటి యేండ్లలో పుట్టి యుండవలెను. తండ్రి పాలేరు. ఆమెకు ఎనిమిదో తొమ్మిదో యేండ్లున్నప్పుడు ఆ కుటుంబము బాప్తిస్మము పొందినది. పాత రిజిష్టరు తెరచి చూచినాము. తండ్రి పేరు, కూతురి పేరు ఉన్నవి. తల్లి పేరుండవలసిన గడిలో "భార్య" అని మాత్రమే వ్రాసియున్నది. ఎవరో పాపము తొందరలో వ్రాసియుందురు గాని, ఆ గడి దగ్గర మేము చాలాసేపు ఆగిపోయినాము.

ఆ దినమున బిషప్ అజరయ్య గారే వచ్చినారని అమ్మమ్మ చెప్పేది. రిజిష్టరులో సంతకము మాత్రము ఒక ఊరి పాస్టరు గారిది. ఆమె జ్ఞాపకము తప్పినదో, బిషప్ గారు నిలబడియుండగా పాస్టరు గారు సంతకము చేసినారో, ఇప్పుడు తేల్చువారు లేరు. ఒక సంగతి మాత్రము ఆమె తప్పు చెప్పలేదు. అజరయ్య గారి కాలములో బాప్తిస్మము పొందినవారు తడిసిన తలమీద తమ చెయ్యి తామే ఉంచుకొని, సువార్త ప్రకటింపక పోయినయెడల తమకు శ్రమ అని పలుకవలసి యుండేది. పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటయే అది. అమ్మమ్మ ఈ సంగతి చెప్పునప్పుడెల్ల నెరసిన తలమీద అరచెయ్యి పెట్టి చూపించేది. మనవలు నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు.

ఈ ప్రాంతపు సంఘ చరిత్ర మీలో పెద్దలకు తెలిసినదే గాని పిల్లల కొరకు కొంచెము చెప్పవలెను. సర్ ఆర్థర్ కాటన్ గారి కాలములో ఎగువ గోదావరిమీద నావలు నడిపించు ఆలోచనతో దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట పని జరిగినది. ఆ పనిమీద ఉన్న ఇంజనీరు హేగ్ దొరగారు. ఆయన చుట్టుప్రక్కల కోయవారిని చూచి, వీరికి సువార్త చెప్పువారు లేరా అని చర్చి మిషనరీ సొసైటీని అడుగుచు వచ్చినారు. ఆయనవద్ద ఉద్యోగములో నున్న వెంకటరామరాజు గారు క్రీస్తును అంగీకరించి, ఆ తరువాత గురువై కోయవారి మధ్యనే పనిచేసినారు. 1870ల నుండి జాన్ కేయిన్ దొరగారు వచ్చి కోయ భాష నేర్చుకొన్నారు, ఆ భాషలో లూకా సువార్తను తెచ్చినారు. నావల పని మూలబడినది. సంఘము నిలిచినది. దోర్నకల్ అధ్యక్ష ఖండము 1912లో ఏర్పడినది. ఆ సంవత్సరము డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య గారు అభిషిక్తులైనారు. కాలక్రమమున దుమ్ముగూడెం ప్రాంతమును ఆ ఖండములో కలిసినది. 1939 జనవరి 6న దోర్నకల్ కెథీడ్రలు ప్రతిష్ఠ జరిగినది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ ఐక్యత జరిగినది. శతవార్షిక పుస్తకములలో ఈ తారీఖులన్నియు ఉండును, ఉండవలెను కూడ.

పుస్తకములలో చేరనివి మరికొన్ని ఉన్నవి. కేయిన్ దొరసాని గారి కాలములో దుమ్ముగూడెం మిషనులో స్త్రీలకు లేసు అల్లిక నేర్పినారు. దుమ్ముగూడెం లేసుకు దూరదేశములలో పేరు వచ్చినది. దానిమీద వచ్చిన డబ్బుతో ఎన్ని ఇండ్లలో పొయ్యి వెలిగినదో ఎవరు వ్రాసి పెట్టినారు? అమ్మమ్మ గారి అత్తగారు ఆ అల్లిక నేర్చిన చేయి. కోడలికి అల్లిక అబ్బలేదు. "నా వేళ్లు కలుపు తీసే వేళ్లు, దారం నిలవదు" అని నవ్వేది. అత్తగారివద్ద ఆమె నేర్చుకొన్నది పిడికెడు గింజలు తీసిపెట్టుట.

ఇది మన సంఘములలో పాత అలవాటు. వంటకు గింజలు కొలుచుకొన్న తరువాత, ఎసట్లో పోయకముందు, కండ్లు మూసుకొని ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేయవలెను. అది దేవునిది. ఆదివారము ఆ కుండ గుడికి తేవలెను. ఇప్పుడు పిడికెడు బియ్యము అంటున్నాము గాని ఆ రోజులలో ఈ ఊళ్లలో బియ్యము ఎవరు వండినారు? పిడికెడు జొన్నలే. పూటకు జొన్న గటక, లేకపోతే అంబలి. ఎండాకాలము చివర గింజలు అయిపోయినప్పుడు ఇప్పపువ్వు ఉడకబెట్టుకొని తిన్న రోజులున్నవని ఆమె చెప్పేది. ఆ రోజులలో కుండలో ఏమి వేసినావమ్మా అని అడిగినాము. ఇప్పపువ్వే వేసినదట.

భర్త వెదురు కూపులలో పనిచేసేవాడు. 1960లలో ఒక వానాకాలము చలిజ్వరముతో వచ్చి పడుకొన్నాడు. మందు దొరికే చోటికి తీసుకొనిపోవు లోపలనే ప్రాణము పోయినది. అప్పటికి ఆమెకు నలుగురు పిల్లలు. చివరివాడు పాలు మానలేదు. ఆ నాలుగైదు యేండ్ల సంగతి ఆమె ఎన్నడును విడమరచి చెప్పలేదు, మేమును అడుగలేదు. తునికాకు కాలములో తెల్లవారక ముందే అడవికి పోయి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, సాయంత్రము కల్లములో ఇచ్చి వచ్చేదని పెద్ద కుమారుడు చెప్పినారు. వరి నాట్లకు, మిరప కోతకు కూలికి పోయేది. పెద్దవానిని మిషను హాస్టలులో చేర్చినది. ఆయన ఉపాధ్యాయులై పదవీ విరమణ చేసినారు. కూతురు నర్సు పని నేర్చుకొన్నది. రెండవ కుమారుడు ఇక్కడనే సేద్యము చేసుకొనుచున్నాడు.

చివరివానిని గూర్చి కూడ చెప్పమని ఆయనే మాకు సెలవిచ్చినారు. ఆయన ఇరువది యేండ్లకు పైగా ఈ గుడి గడప తొక్కలేదు. సారా అలవాటు ఒకటి. సంఘములో ఎవరో అన్న మాట ఒకటి. ఆదివారము ఆరాధన జరుగుచుండగా ఆ చింతచెట్టు క్రింద కూర్చుండి బీడీ కాల్చేవాడు. మేము క్రొత్తగా వచ్చినప్పుడు అమ్మమ్మతో, అతనితో మాట్లాడెదము అన్నాము. ఆమె ఒప్పుకొనలేదు. "వాడికి ప్రసంగం చెప్పొద్దు అయ్యగారూ. చెప్పినోళ్లు చాలామంది అయ్యారు. మీరు ఎప్పుడన్నా వచ్చి వాడి పక్కన అన్నం తినండి" అన్నది. అన్నము తిన్నాము. చేపల పులుసు. అతడు మాతో చేపల సంగతి, తాలిపేరు వాగు సంగతి తప్ప మరొకటి మాట్లాడలేదు. తల్లి సమాధి దినమున పెట్టె మోసిన నలుగురిలో అతడొకడు. ఆ తరువాత గుడిలోనికి వచ్చుచున్నాడా అని మేము అడుగలేదు. ఈ దినమున లోపలనే కూర్చున్నాడు, అంతవరకు చూచుచున్నాము.

ఆమె ప్రార్థన విన్నవారు మీలో చాలమంది ఉన్నారు. కోడి కూయగానే లేచి గడపలో కూర్చుండేది. వీధి ఈ చివరనుండి ఆ చివరవరకు ఇండ్ల వరుసలోనే ప్రార్థన నడిచేది. ఈ ఇంటి కోడలి కాన్పు, ఆ ఇంటి ఎద్దు కాలు, బట్టలమూట తెచ్చే సాయిబు గారి కూతురి పెండ్లి. క్రొత్త ఇల్లు లేస్తే ప్రార్థనలో ఒక ఇల్లు పెరిగేది. కొడవలి లాగుకొనిపోయిన ఫారెస్టు గార్డు కూడ అందులో ఉన్నాడు. అతని మనస్సు మార్చుమని కాదు, అతనికి మోకాలి నొప్పి తగ్గవలెనని. కొడవలి సంగతి చివరలో వేరుగా అడిగేది. కోయ స్త్రీలు వస్తే వారి మాటలోనే మాట్లాడేది, వారికొరకు ప్రార్థించునప్పుడు కూడ సగము ఆ భాషలోనే. వేదాంత కళాశాలనుండి నేరుగా వచ్చినవారము గనుక మొదట ఈ ప్రార్థన మాకు దీర్ఘముగా తోచినది. ఒకసారి క్లుప్తముగా చేయమ్మా అన్నాము. "ఎవరి ఇల్లు దాటెయ్యమంటారు?" అని అడిగినది. ఎగతాళికి కాదు, నిజముగానే అడిగినది.

ఈమె ఇల్లు కదలలేదు గాని ఇంటిమీది ప్రభుత్వములు మారుచు వచ్చినవి. పుట్టినప్పుడు అది మద్రాసు రాజధాని. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో భద్రాచలము తాలూకా తూర్పుగోదావరి నుండి ఖమ్మము జిల్లాకు మారినది. 2014లో తెలంగాణ. అదే యేట పోలవరము కొరకు ప్రక్క మండలములు కొన్ని ఆంధ్రకు పోయినవి, ఆమె కూతురిని ఇచ్చిన ఊరు అటు పోయినది, అమ్మమ్మ ఇల్లు ఇటు మిగిలినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా. "బిడ్డ ఇంటికి పోతే రాష్ట్రం దాటినట్టంట" అని ఆశ్చర్యపడేది. శ్రీరామనవమికి, ముక్కోటికి భద్రాచలము వచ్చినవారు పర్ణశాలకు ఈ దారినే పోతారు. పూర్వము నడిచిపోయేవారు ఎక్కువ. చింతచెట్టు క్రింద వారికొరకు నీళ్ల కుండ పెట్టేది. సంఘములో ఒకరిద్దరు దానిని గూర్చి సణిగినారని మాకు తెలుసు. ఆమెకును తెలుసు. కుండ మాత్రము నిండుచునే ఉండేది.

మనవలు, మనవరాండ్రు తొమ్మండుగురు. మూడేండ్లు నిండిన ప్రతి బిడ్డ కుండలో తన పిడికెడు తాను వేయవలెనని ఇంటి కట్టడ. మూడేండ్ల పిడికిలిలో ఎన్ని గింజలు పట్టును? సగము నేలమీద పడేవి, కోళ్లు తినేవి. "చిన్న చెయ్యి అయితే ఏం, వేసింది కదా" అనేది. 1986 ఆగస్టు 16న గోదావరి భద్రాచలము వద్ద 75.6 అడుగులకు వచ్చినది. అంతకు మించిన నీటిమట్టము అక్కడ నేటివరకు రాలేదు. ఆ వరదలో ఈ ఇల్లు కూలినది. గుట్టమీదికి పోవునప్పుడు ఆమె మోసికొనిపోయినవి మూడు: చంకలో మూడేండ్ల మనవరాలు, తలమీద రేకు పెట్టె, రెండవ చేతిలో గింజల కుండ. ఆ మనవరాలే నేడు నర్సుగా పనిచేయుచు ఈ కూడికకు సెలవు పెట్టి వచ్చినది. గుట్టమీద ఆ కుండలోని గింజలే మూడు దినములు కాచుకొని త్రాగినామని ఆమెకు పెద్దలు చెప్పగా తెలుసు.

ఇక మా సంగతి.

మేము 2005లో ఈ గురుమండలమునకు వచ్చినాము. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదువు ముగించి ఎక్కువ కాలము కాలేదు. వయస్సు ఇరువదిఐదు దాటినది. పుస్తకములన్నియు సరిగా ఉండవలెనని, లెక్కలు పైసాతో సహా కుదరవలెనని మాకు గొప్ప పట్టుదల. అది తప్పని ఇప్పుడును అనము. ఇండ్లనుండి వచ్చిన పిడికెడు బియ్యము గుడి ప్రక్క గదిలోని డ్రమ్ములో పోసేవారు. మూడు నెలలకొకసారి అమ్మి ఆ సొమ్ము గురుమండల నిధికి జమ కట్టేవారు. ఆ యేడు దానిని ప్రహరీ గోడకు కేటాయించినాము. డ్రమ్ము గది తాళపుచెవి స్త్రీల మైత్రి తరఫున అమ్మమ్మ వద్ద ఉండేది.

2006 ఆగస్టు మొదటి వారములో మేము సమావేశమునకు ఖమ్మము పోయినాము. తిరిగి వచ్చులోపల గోదావరి పొంగినది. భద్రాచలములో చిక్కుకొని నాలుగు దినములు ఉండిపోయినాము. వాగులు దిగి, బురదలో నడచి ఊరు చేరు వేళకు బడిలో అరువది మందికి పైగా జనము ఉన్నారు. లోతట్టు ఊళ్లవారు, వాగు అవతలి కోయ కుటుంబములు. పిల్లలు తిని పడుకొన్నారు. మాకు సంతోషమైనది. మరునాడు డ్రమ్ము చూచినాము. అడుగున తట్టెడు బియ్యము కూడ లేవు. ఒకటిన్నర బస్తా ఉండవలసినది.

కమిటీ పిలిచినాము. పిలువవలెనని ఎవరో ఒత్తిడి చేసినారని చెప్పుకొనవచ్చును. ఒకరిద్దరు అన్నమాట నిజమే. కాని పిలిచినది మేము. అమ్మమ్మ వచ్చి గోడకు ఆనుకొని నిలబడినది. కూర్చుండుమని చెప్పవలెనని మాకు తోచలేదు. ఎవరి అనుమతిమీద తీసినారు, ఎంత తీసినారు, ఎవరెవరికి ఎంత పెట్టినారు, లెక్క వ్రాసినారా అని అడిగినాము. ఆమెకు వ్రాయుట రాదని మాకు తెలుసు, అయినను అడిగినాము. ఆమె కొంచెముసేపు ఊరకుండి, "పిడికిలి కొలత ఎంతో మీరు చెప్పండి అయ్యగారూ, తిన్న మెతుకులు ఎన్నో నేను చెప్తా" అన్నది. ఎవరో నవ్వినారు. మాకు కోపము వచ్చినది. సంఘపు సొమ్ము విషయములో హాస్యము తగదని అన్నాము. ఆమె హాస్యమాడలేదని ఇప్పుడు మాకు తెలియును. అప్పుడు ఆమె తాళపుచెవి కొంగుముడి విప్పి బల్లమీద పెట్టినది. "సంఘానికి లోటైతే నేను పోస్తా" అని చెప్పి పోయినది.

ఆ తరువాతి ఆదివారము మేము ఏలీయాను, సారెపతు విధవరాలిని గూర్చి ప్రసంగించినాము. గృహనిర్వాహకత్వము అను అంశము. గ్రీకు మాటతో సహా వివరించినాము. ఆ మాటకు అర్థము ఇల్లు నడుపుట. అమ్మమ్మ ఎప్పటివలె ముందు చాపమీద కూర్చుండి విన్నది.

వచ్చే నెల మొదటి ఆదివారము ఆమె కుంచెడు బియ్యము తెచ్చి డ్రమ్ములో పోసినది. ఆమె పిడికెడు కుండ వేరు, అదియు తెచ్చినది. ఇది అదనము. ఆమెకు అప్పటికి డెబ్బది దాటినవి. పింఛను డబ్బుతో కొన్నదో, రేషను బియ్యములో మిగిల్చినదో మేము అడుగలేదు. చాలునమ్మా అని ఒక్కమాట అనవలసినది. అనలేదు. రశీదు పుస్తకము తీసి, తారీఖు వేసి, "వరద బియ్యము లోటు క్రింద, కుంచము 1" అని వ్రాసి, సంతకము చేసి ఇచ్చినాము. ఆమె దానిని రెండు చేతులతో తీసుకొన్నది. ఇట్లు పదకొండు నెలలు. పన్నెండవ నెల కమిటీలోని ఒక పెద్ద, పేరు చెప్పము, ఆయన ఈ దినమున ఇక్కడనే ఉన్నారు, లేచి ఇక చాలు అన్నారు. చాలు అన్నది మేము కాదు. ప్రహరీ గోడ ఆ యేడే పూర్తియైనది. మీరు వచ్చునప్పుడు దానిని దాటి వచ్చినారు.

2010లో మాకు బదిలీ అయినది. పోవు ముందు దినము సాయంత్రము ఆమె ఇంటికి పోయినాము. క్షమించుమని అడుగుటకే పోయినాము. ఆమె జొన్నరొట్టె కాల్చి పెట్టినది, చింతచిగురు పప్పు వేసినది. మా పిల్లవానిని దగ్గరకు తీసుకొని వాని చేత కుండలో పిడికెడు వేయించినది. దారిలో అన్నము దొరకదేమోనని ఒక గుడ్డలో అటుకులు కట్టి ఇచ్చినది. చీకటి పడుచున్నది, లారీ తొందరగా రమ్మన్నారు. చెప్పవలసిన మాట చెప్పకుండనే లేచినాము. ఆ తరువాత పదమూడు యేండ్లు ఆమె బ్రతికియున్నది. రెండుమూడు సారులు పెండ్లిండ్లలో కనబడినది కూడ. ప్రతిసారి చుట్టు జనము ఉన్నారనుకొన్నాము.

2022 జూలైలో మరల గోదావరి వచ్చినది. భద్రాచలము వద్ద 71.3 అడుగులు. మేము దూరములో మరొక గురుమండలములో ఉన్నాము. టీవీలో నీళ్లు చూచుచు ఇక్కడికి ఫోను చేసినాము. అమ్మమ్మను మంచముతో సహా ఎత్తుకొని పైకి చేర్చినారని చెప్పినారు. మంచముమీదనుండియే కోడలిని పిలిచి, డ్రమ్ము మూత తీయించినదట. ఇప్పటి పాస్టరు గారు అక్కడనే ఉండి స్వయముగా బియ్యము ఎత్తిపోసినారట. లెక్క ఎవరును అడుగలేదట. ఇప్పటి పాస్టరు గారు మాకంటె పదేండ్లు చిన్నవారు.

2023 ఫిబ్రవరిలో ఆమె ప్రభువునందు నిద్రించినది. నిన్న సాయంత్రము మేము ఊరు చేరగానే మనవరాలు ఆ రేకు పెట్టె తెచ్చి మా ముందు పెట్టినది. 1986లో తలమీద మోసిన పెట్టెయే. అందులో భర్తది ఒక్కటే ఫోటో, బాప్తిస్మపు కాగితము, అత్తగారు అల్లిన మూరెడు లేసు ముక్క, పెద్ద కుమారుని మొదటి జీతపు మనియార్డరు చీటి. వాటి అడుగున దారముతో కట్టిన చిన్న కాగితముల కట్ట. విప్పి చూస్తే పదకొండు రశీదులు. మనవరాలు, "ఇవేంటి అయ్యగారూ, అమ్మమ్మ ఏమన్నా అప్పు పడిందా?" అని అడిగినది. ఆ సంవత్సరము ఆమె చదువు నిమిత్తము ఊరిలో లేదు.

అవి ఆమె ఎందుకు దాచినదో మాకు తెలియదు. అక్షరములు రాని ఆమెకు సంఘపు ముద్ర ఉన్న ప్రతి కాగితము బాప్తిస్మపు కాగితమంత పవిత్రమై యుండవచ్చును. లేక మేము ఎప్పుడైన వచ్చి అడుగుదుమని దాచినదో. రాత్రి నిద్ర పట్టక చాలాసేపు వాటినే చూచినాము. మొదటి రశీదుమీద మా సంతకము ఎంతో శ్రద్ధగా ఉన్నది, క్రింద గీత కూడ గీసినాము.

మనవరాలికి నిన్న జవాబు చెప్పలేదు. రేపు కూడికలో అందరితోపాటు వినుమన్నాము. అమ్మా, నీవు విన్నావు. మీ అమ్మమ్మ ఎవరికిని అప్పు పడలేదు. ఆ పదకొండు కుంచముల బియ్యము మేము తీసుకొనకూడనివి, తీసుకొన్నాము. ఆమెను అడుగవలసిన క్షమాపణ ఇప్పుడు ఆమె పిల్లల ముందర, ఈ సంఘము ముందర అడుగుచున్నాము.

రశీదులు పది ఈ బల్లమీద ఉంచుచున్నాము, కుటుంబమువారు తీసుకొనవలెను. పదకొండవది, చివరి నెలది, మాయొద్ద ఉంచుకొనుటకు పెద్ద కుమారుని సెలవడిగినాము. ఆయన ఇంకా ఏమియు చెప్పలేదు.